సరస్సు ఒడ్డున ఇల్లు, ఒడ్డు కింద బురద: అద్దె వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేము అమెరికాలో షార్లెట్‌లో ఉంటాం. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారని, 2025 మే చివరి వారాంతానికి నార్త్ కరొలైనాలోని లేక్ లూర్‌లో సరస్సు ఒడ్డున ఒక ఇల్లు మూడు రాత్రులకు తీసుకున్నాం. డబ్బు పంపే ముందు అడిగితే, పడవ, రేవు సిద్ధంగా ఉన్నాయని యజమాని మెసేజ్ పెట్టారు. మార్చిలో 1,650 డాలర్ల అద్దె, 400 డాలర్ల డిపాజిట్ నేరుగా ఆయనకే జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే సేవ) ద్వారా పంపాం. అగ్రిమెంటు రాసుకోలేదు. తీరా వెళ్తే సరస్సులో నీళ్లు దిగిపోయి, రేవు కింద బురద ఉంది. నాన్నగారి షష్టిపూర్తి అక్కడే చేయాలని ఎంతో ఆశపడ్డాం. అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. ఒక్క రాత్రి ఉండి వచ్చేశాం. ‘ఇల్లు బాగానే ఉంది కదా’ అంటూ యజమాని డిపాజిట్ కూడా ఇవ్వలేదు. ఎనిమిది నెలలైంది. అగ్రిమెంటు లేదు కాబట్టి కేసు నిలవదని మిత్రులు అంటున్నారు. ఆ చెల్లింపు మేము చేయలేదని బ్యాంకుకు చెబితే డబ్బు తిరిగి వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు: షష్టిపూర్తి గురించి మీరు రాసినదంతా చదివాను. మేజిస్ట్రేటు ముందు దానికి విలువ లేదు. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాటలు ‘డబ్బు పంపే ముందు అడిగితే’ అన్నవి. వాటిని మీరు మాటవరసకు రాసినట్టు రాసి వదిలేశారు.

హెలీన్ తుపాను ఆ ప్రాంతాన్ని ముంచెత్తింది 2024 సెప్టెంబరు 27న. లేక్ లూర్ సహజమైన సరస్సు కాదు, బ్రాడ్ నదికి అడ్డంగా 1920లలో కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. వరద తెచ్చిన చెట్లను, శిథిలాలను, మట్టిని తీయడానికి ఆ నీటిని దించారు. మీరు వరదకు ముందే డబ్బు కట్టి ఉంటే, ప్రకృతి వైపరీత్యానికి నేనేం చేయగలనని యజమాని వాదించేవారు, వాదన వేరే దారి పట్టేది. మీరు కట్టింది 2025 మార్చిలో. ఒడ్డున ఇల్లున్న మనిషికి అప్పటికి సరస్సు స్థితి తెలియకపోవడం నమ్మశక్యం కాదు. తెలిసీ పడవ సిద్ధమని రాసి మీ డబ్బు తీసుకున్నారంటే అది మోసపూరిత వ్యాపార పద్ధతి. కాబట్టి మెసేజ్ తేదీ, చెల్లింపు తేదీ, వాటిలో ఏది ముందు అన్నదే మీ కేసు.

అగ్రిమెంటు లేదని భయపడకండి. నార్త్ కరొలైనాలో 90 రోజుల లోపు విహారపు అద్దెలకు వెకేషన్ రెంటల్ యాక్ట్ ఉంది. అది ఆ రాష్ట్ర చట్టాల్లో 42ఎ అధ్యాయం. దాని ప్రకారం రాతపూర్వక ఒప్పందం చేయాల్సిన బాధ్యత ఇంటి యజమానిది. చేయకపోతే అదే అన్యాయమైన వ్యాపార పద్ధతి అవుతుందని అందులోని 42ఎ-10 సెక్షన్ చెబుతోంది. అలాంటి పద్ధతి వల్ల నష్టం జరిగిందని రుజువైతే అదే రాష్ట్ర చట్టాల్లోని 75వ అధ్యాయం కింద మూడు రెట్లు పరిహారం వస్తుంది. అయితే కాగితం లేకపోవడం వల్ల మీకు నష్టం జరగలేదు, మెసేజ్‌లోని అబద్ధం వల్ల జరిగింది. ఫిర్యాదులో ఆ మెసేజ్‌నే ముందు పెట్టండి.

ఇల్లు నివాసయోగ్యంగా లేదని మాత్రం రాయకండి. నివాసయోగ్యం కాని ఇంటికి పూర్తి సొమ్ము వాపసు చేయాలన్న నియమం ఉన్నమాట నిజమే. కానీ ఇంట్లో లోపం ఉందని మీరెక్కడా రాయలేదు, పైగా ఒక రాత్రి పడుకున్నారు. లేని వాదన ఒకటి చేరిస్తే ఉన్న వాదనను కూడా నమ్మరు.

ఇప్పుడు మీ నిర్లక్ష్యం సంగతి. అద్దె ఇళ్ల వెబ్‌సైటుకు కట్టే రుసుము మిగులుతుందని జెల్‌లో పంపి ఉంటారు. క్రెడిట్ కార్డు వాడి ఉంటే, చెప్పిన సేవ అందలేదని స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు ఉండేది. ఆ రక్షణను మీరే వదులుకున్నారు. రెండు గంటల ప్రయాణ దూరంలోని ఊరు, నెలల తరబడి వార్తల్లో ఉంది. టౌను కార్యాలయానికి ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసిపోయేది. పక్కనే ఉన్న చిమ్నీ రాక్ పార్కును 2025 జూన్ 27 దాకా తెరవలేదు. ‘అందరికీ తెలిసిన విషయమే కదా’ అని యజమాని తప్పక అంటారు. దానికి మీ దగ్గరున్న జవాబు ఆ మెసేజ్ ఒక్కటే.

అది ఇంకా మీ ఫోనులో ఉందా? ఆ మాట మీరు రాయలేదు. ఉంటే సంభాషణ మొత్తం, తేదీలు, నంబరు కనిపించేలా దించుకుని రెండు చోట్ల దాచండి. ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు, ముందూ వెనకా కత్తిరించారంటారు. జెల్ రసీదు, రేవు ఫొటోల అసలు ఫైళ్లు, ఇంటి ప్రకటన నకలు, నీటిమట్టంపై టౌను ఇచ్చిన ప్రకటనలు కూడా కావాలి. ఒప్పంద భంగానికి మూడేళ్లు, 75వ అధ్యాయానికి నాలుగేళ్ల గడువు ఉంది. చట్టం ఇచ్చిన గడువు దాకా ఫోనులోని మెసేజ్ ఉంటుందన్న హామీ లేదు.

ఆ మిత్రుడి సలహా వినకండి. మీ చేత్తో పంపిన డబ్బును పంపలేదని బ్యాంకుకు చెప్పడం నేరం. ఫెడరల్ చట్టంలో బ్యాంకు మోసానికి గరిష్ఠ శిక్ష 30 ఏళ్ల జైలు, పది లక్షల డాలర్ల జరిమానా. వీసా మీద ఉన్నవారైతే మోసం కేసు మీ నివాస హోదాకే ముప్పు తెస్తుంది. 2,050 డాలర్ల కోసం దాని జోలికి వెళ్లకండి.

డిపాజిట్ లెక్క వేరు, సులభం కూడా. అద్దె ముగిసిన 45 రోజుల్లో లెక్క చెప్పి మిగతాది తిరిగివ్వాలి. ఎనిమిది నెలలు గడిచాయి కాబట్టి ఆ 400 మీద మీ పట్టు గట్టిది.

ముందు లేక్ లూర్ ఉన్న రూథర్‌ఫర్డ్ కౌంటీ (జిల్లా లాంటిది) దస్తావేజుల రిజిస్టరులో ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో చూడండి. డబ్బు అందుకున్నవారూ యజమానీ వేరువేరైతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. తర్వాత మెసేజ్ నకలు జతచేసి, 15 రోజుల గడువుతో సర్టిఫైడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే ప్రతివాది నివసించే కౌంటీలో స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు వినే) మేజిస్ట్రేటు ముందు దావా వేయండి, వకీలు అక్కరలేదు. పరిమితి కౌంటీని బట్టి 5,000 నుంచి 10,000 డాలర్లు ఉంటుంది. అద్దెకు మూడు రెట్లు, డిపాజిట్ కలిపితే 5,350 అవుతుంది కాబట్టి, ఆ కౌంటీ పరిమితి కనుక్కున్నాకే కాగితంపై అంకె వేయండి. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే పది రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ విచారణ మొదటి నుంచీ జరుగుతుంది.