నరాల బలహీనత కాదు, ముందు ఆ గుర్రం నోరు చూపించండి

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. పెళ్ళి ఊరేగింపుల కోసం సంతలో అయిదేళ్ళ మగ గుర్రాన్ని కొన్నాను. కళ్ళెం పెట్టబోతే తల ఎగరేస్తుంది, ఎక్కితే ముందుకాళ్ళు లేపేస్తుంది, డీజే వినపడితే ఇద్దరు పట్టుకున్నా ఆగదు. గడ్డి నమిలి ఉండలుగా కింద పడేస్తుంది గానీ దాణా బాగానే తింటుంది. నరాల బలహీనత అని మందుల షాపాయన బలం ఇంజక్షన్లు ఇచ్చాడు, ఊరేగింపు రోజు మత్తు ఇంజక్షన్ కూడా వేసుకోమన్నాడు. వేయొచ్చా?

జవాబు: వేయొద్దు. నరాల జబ్బయితే నడకలో తూలుతుంది, వెనక డెక్కలు ఈడుస్తుంది, అవేవీ మీరు రాయలేదు. మీరు ఏదో మాటవరసకి రాసిన ఆ గడ్డి ఉండల దగ్గరే అసలు విషయం ఉంది. గుర్రానికి దవడపళ్ళు అరిగేకొద్దీ అంచులు కత్తుల్లా తేలతాయి, పైపళ్ళవి బుగ్గని, కిందిపళ్ళవి నాలుకని కోస్తాయి, దానిమీద కళ్ళెం ఇనుము పడితే తల ఎగరేయక ఏం చేస్తుంది? పశువైద్యుడితో నోరు తెరిపించి పళ్ళు ఆకురాయి పట్టించండి, ఇకమీదట ఏడాదికోసారి. జీను కింద వీపు నొక్కి చూడమనండి. ఒక పక్కనుంచే బెదురుతుంటే ఆ కన్ను కూడా. మీది ముళ్ళ కళ్ళెం అయితే ఇవాళే తీసి పారేయండి, పని పశువుల మీద హింస నివారణకి తెచ్చిన 1965 నాటి నిబంధనల ప్రకారమే అది నిషేధం.

పుండ్లు మానేదాకా, కనీసం 10 రోజులు, ఎక్కడం బంద్. ఈలోపు నేల మీదే పని. మెత్తటి తలకట్టు, 10-12 అడుగుల నూలు తాడు చాలు, తాడు మాత్రం చేతికి చుట్టుకోకండి, వేళ్ళు పోతాయి. భుజం పక్కన నిలబడండి, నుదుటికి ఎదురుగా ఉన్నా, తోక వెనకాల ఉన్నా మీరు దానికి కనపడరు. తాడు కొద్దిగా వెనక్కి పట్టండి, లాగొద్దు, బరువు వెనక్కి వాల్చిన క్షణంలోనే వదిలేయండి. అది నేర్చుకునేది ఆ వదలడంలోనే, ఒక సెకను ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి తెలీదు. ఇలాగే ఒక అడుగు వెనక్కి, తర్వాత వెనకభాగం పక్కకి జరపడం, తల దించడం, ఎడమ వైపు నేర్పినవన్నీ కుడి వైపు మళ్ళీ మొదట్నుంచి. పూటకి 10-15 నిమిషాలు, రోజుకి రెండు పూటలు, అంతకంటే వద్దు. తల దించి, పెదాలు నాకి, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలితే ఆ పూటకి ఆపేయండి. కొట్టడం అసలొద్దు, బెదిరినప్పుడు దెబ్బ పడితే ఆ చప్పుడంటే దానికి ఇంకా భయం పెరుగుతుంది.

డీజే సంగతి చివర్న. మేత టైంలో దూరంగా ఫోన్లో డప్పు పెట్టండి, చెవులు తిప్పి మళ్ళీ మేతలోకి దిగితేనే మర్నాడు కాస్త సౌండ్ పెంచండి, మేత మానేస్తే తగ్గించండి. వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. పనిలేని గుర్రానికి శనగలు దండిగా పోసి చిందులేస్తోందని నాకు రాస్తుంటారు, మీరూ అదే చేస్తుంటే 350 కిలోల గుర్రానికి ఎండుగడ్డి 6-7 కిలోలు ఉంచి దాణా కిలోలోపుకి దించండి, ఒక్కసారిగా కాదు, వారం పది రోజుల్లో. రోజంతా కట్టేసి ఉంచకుండా రెండు మూడు గంటలు విడిచిపెట్టండి.

ఇక ఆ మత్తు ఇంజక్షన్. షాపుల వాళ్ళు దీన్ని జ్వరం గోలీల్లా అమ్మేస్తున్నారు, ఎన్నిసార్లు చెప్పినా ఇదే. మత్తులో ఉన్న గుర్రం ఏమీ నేర్చుకోదు, పైగా మత్తుగా నిలబడ్డట్టే ఉండి పటాకా పేలగానే ఒక్కసారిగా తన్నుతుంది, మీద పెళ్ళికొడుకు, చుట్టూ పిల్లలు. ఆ మందుల్లో ఎసిప్రోమజైన్ అయితే మగ గుర్రానికి అంగం బయటికి జారి మళ్ళీ లోపలికి పోని ప్రమాదం కూడా ఉంది. బలం ఇంజక్షన్లకి పెట్టిన డబ్బు ధనుర్వాతం టీకాకి పెట్టి ఉంటే పనికొచ్చేది, గుర్రానికి ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది, లాడం మేకు గీరుకున్నా చాలు. మొదటి డోసు, 4 వారాలకి రెండోది, తర్వాత ఏటా ఒకటి. మీరు వేయించారో లేదో రాయలేదు, అంటే వేయించలేదనే నా అనుమానం.

ఈ సీజన్ పెళ్ళిళ్ళకి తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చేయండి. పళ్ళు ఆకురాయి పట్టించాక డాక్టర్ ఏం చెప్పాడో రాయండి, ఏ కళ్ళెం వాడాలో అప్పుడు చెప్తాను.