కంప్యూటర్ కొన్నాం సరే, సిస్టమ్ ఏదీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీద ఉన్నాయి. పరీక్షల ముందు డిగ్రీ పిల్లలు అడగడం మామూలే. కానీ పత్తి కమీషన్ అంగడివాళ్లు, శెనక్కాయ రైతులు కూడా ఇన్ఫర్మేషన్ సిస్టమ్ (వివరాలు సేకరించి, దాచి, కావాల్సినవాళ్లకు అందించే ఏర్పాటు) గురించే రాస్తుంటే ఎట్లా పక్కన పెట్టేది? మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు.

ప్రశ్న: సార్, నేను బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్ చదువుతున్నా. ఇన్ఫర్మేషన్ సిస్టమ్‌కు హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, డేటా, ప్రొసీజర్లు, మనుషులు అని ఐదు భాగాలు మా నోట్సులో ఉన్నాయి. ఇంకో పుస్తకంలో నెట్‌వర్క్ కలిపి ఆరు అన్నారు. ఏది రాయాలి? మెషీన్లతో పాటు మనుషుల్ని కూడా భాగం అంటారేంటి?
– విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఐదు రాసినా ఆరు రాసినా మార్కులు పోవమ్మా. కొందరు నెట్‌వర్క్‌ను హార్డ్‌వేర్‌లో కలిపేస్తారు, కొందరు విడిగా చెబుతారు, అంతే తేడా. నేనైతే ఆరు రాయమంటాను, ఇప్పుడు నెట్ పోతే పని ఆగిపోని ఆఫీసు ఎక్కడుంది కనుక!

నీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దానికోసం పుస్తకం పక్కన పెట్టి, ఈ-నామ్‌లో సరుకు ఎట్లా అమ్ముడవుతుందో ఒకసారి చూడు. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న మొదలుపెట్టిన ఆన్‌లైన్ మార్కెట్ అది. రైతు బండి గేటు దగ్గరికి రాగానే అక్కడి ఉద్యోగి పేరు, ఫోన్ నంబరు, ఏ సరుకు, ఎన్ని సంచులు, ఏ కమీషన్ ఏజెంటు అని కంప్యూటర్‌లో ఎక్కించి ఒక లాట్ నంబరు ఇస్తాడు. ఇక సాయంత్రం దాకా ఆ సరుకును అందరూ గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. వ్యాపారులు కుప్పల మధ్య తిరిగి, గుప్పెడు తీసి చూసి, తమ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధర కొడతారు. ఎవరెంత కొట్టారో పక్కవాడికి కనపడదు. టైము అయిపోగానే ఎక్కువ ధర ఏదో తేలుతుంది, నచ్చకపోతే రైతు వద్దనొచ్చు. నచ్చితే కాటా, బిల్లు, ఆ తర్వాత డబ్బులు.

ఇప్పుడు భాగాలు లెక్కపెట్టు. గేటు దగ్గరి కంప్యూటర్, ప్రింటర్, ఎలక్ట్రానిక్ కాటా హార్డ్‌వేర్. ఈ-నామ్ ప్రోగ్రాము సాఫ్ట్‌వేర్. లాట్ వివరాలు, ధరలు, బరువులు డేటా. ముందు గేటు ఎంట్రీ, తర్వాత బిడ్డింగు, ఆ తర్వాతే కాటా అనే వరస ప్రొసీజర్. వీటన్నిటినీ కలిపి ఉంచేది నెట్‌వర్క్. సరే, ఇన్నీ ఉన్న ఒక యార్డులో వ్యాపారులంతా కుప్ప దగ్గరే నోటిమాటగా ఒక ధర అనేసుకుని, తీరిగ్గా దాన్నే కంప్యూటర్‌లో కొట్టారనుకో. మెషీన్ బాగుంది, ప్రోగ్రాము బాగుంది, స్క్రీన్ మీద అంకెలూ ముచ్చటగా ఉన్నాయి. కానీ ఒకరికి తెలియకుండా ఒకరు ధర వేయడం అనే అసలు పని జరగనే లేదు, రైతుకు రావాల్సిన పైసా రానే లేదు. ఏ భాగం చెడిపోయినట్టు? మనుషులూ, ప్రొసీజరూ. వాళ్లను భాగాల్లో చేర్చకపోతే ఈ రోగానికి పేరే దొరకదు. పరీక్షలో ఇదే ఉదాహరణ రాయి.

ప్రశ్న: డేటాకూ ఇన్ఫర్మేషన్‌కూ తేడా ఒక్క ముక్కలో చెప్పండి. ఎన్నిసార్లు చదివినా ఎక్కడం లేదు.
– పోటీ పరీక్షల అభ్యర్థి, కడప

జవాబు: 9,200 అని ఒక చీటీ మీద రాసి ఉంటే డేటా. అది ఈ రోజు పసుపు కొమ్ముల క్వింటాల్ ధర, నిన్నటికంటే మూడు వందలు తక్కువ అని తెలిస్తే ఇన్ఫర్మేషన్ (అంకె ఉదాహరణకు వేసిందే, దీన్ని నమ్మి ఎవరూ సరుకు అమ్ముకోకండి). పసుపు ఇంట్లో పెట్టుకున్న రైతు దాన్ని చూసి అమ్మాలా, ఆగాలా అని ఆలోచిస్తాడు. అదే ధర రాష్ట్రమంతటి లెక్కలు కూర్చే అధికారి దగ్గరికి పోతే మళ్లీ ముడి డేటానే, వందల యార్డుల అంకెల్లో అదొకటి. కాబట్టి ఇది డేటానా, ఇన్ఫర్మేషనా అని అడిగితే, ఎవరికి అని తిరిగి అడగండి.

ప్రశ్న: మా నాన్నకు పత్తి కమీషన్ అంగడి ఉంది. కంప్యూటర్, ప్రింటర్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అన్నీ కొన్నాం. ఏడాది దాటినా గుమస్తా పుస్తకంలోనే రాస్తాడు, రాత్రి నేను కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు. సాఫ్ట్‌వేర్ మార్చమంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మార్చొద్దు. ఇంకోటి కొన్నా రాత్రిపూట మళ్లీ మీరే కూర్చోవాలి. మీ అంగట్లో ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్ గుమస్తా పుస్తకమే, మీ కంప్యూటర్‌లో ఉన్నది దాని నకలు. నిద్రమత్తులో రాసిన నకలు అసలుతో కలవకపోవడంలో వింతేముంది?

ఆయన కంప్యూటర్ ఎందుకు ముట్టుకోడో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? సీజన్‌లో ఒక పూట కూర్చోండి. యార్డు కిటకిటలాడుతుంటుంది, కాటా దగ్గర హమాలీ బరువు అరుస్తుంటాడు, ఎదురుగా ముగ్గురు రైతులు డబ్బు కోసం నిలబడి ఉంటారు. పుస్తకంలో ఆయనకు అది ఒక్క వరస: పేరు, ఊరు, సంచులు, బరువు, తరుగు, ధర, హమాలీ, కమీషన్, చేతికిచ్చింది. పక్కన మార్జిన్‌లో చిన్నగా ఇంకో అంకె ఉంటుంది, విత్తనాలకని ఆ రైతు ముందే తీసుకున్న బాకీ. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్జిన్ ఉందా? పార్టీ కోడ్ అడుగుతుంది, పిన్‌కోడ్ అడుగుతుంది, ఆయనకు అక్కర్లేనివన్నీ అడుగుతుంది గానీ, బాకీ ఎక్కడ వేయాలో చెప్పదు. నా అనుమానం, మీ లెక్కలు తప్పుతున్నది తరుగు దగ్గరా, ఈ బాకీ దగ్గరా. పాత నెలవి ఒక ఇరవై ఎంట్రీలు తీసి సరిచూడండి, తెలిసిపోతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్ అమ్మినతన్ని పిలిపించి, ఎంట్రీ స్క్రీన్‌ను గుమస్తా రాసే వరసలోనే పెట్టమనండి, బాకీకి ఒక గడి వేయించండి, అక్కర్లేని గడులు తీయించండి. చాలా ప్యాకేజీల్లో ఇది అయ్యే పనే, అడిగేవాళ్లే ఉండరు. ఎంట్రీ రాత్రి ఇంట్లో కాదు, కాటా పక్కనే, బరువు చూసిన మనిషి చేతనే పడాలి. కొన్ని వారాలు పుస్తకం, కంప్యూటర్ రెండూ నడపండి, రోజూ అంగడి మూసేముందు మొత్తాలు పోల్చండి, తేడా వస్తే అప్పుడే పట్టుకోండి. తేడాలు రావడం ఆగాక పుస్తకం ఆపేయండి. రెండూ ఎప్పటికీ నడుపుతామంటే మాత్రం డబ్బూ నిద్రా రెండూ దండగ.

గుమస్తాకు ఆయన పేరుతోనే లాగిన్ ఇవ్వండి, అందరూ అడ్మిన్ పేరుతో దూరిపోతే ఎవరు ఏ అంకె మార్చారో దేవుడికే తెలియాలి. రోజూ బ్యాకప్ తీసి ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి, అంగట్లో ఉన్న కంప్యూటర్ పక్కన కాదు. ఇంకో మాట, కంప్యూటర్ వస్తే తన పని పోతుందేమోనని ఆయనకు లోపల బెంగ ఉందేమో అడగండి. ఏ రైతు బాకీ ఎంతో నోటికి చెప్పే మనిషిని టైపింగ్ రాదని చిన్నచూపు చూడొద్దు. ఆయన తలలో ఉన్నదంతా మీ సిస్టమ్‌లో భాగమే, దానికి బ్యాకప్ కూడా లేదు!

ప్రశ్న: మేం శెనక్కాయ వేస్తే ఈ-క్రాప్‌లో (సర్కారు పంటల నమోదులో) కంది అని పడింది. అడిగితే కంప్యూటర్‌లో అట్లే ఉంది, మేమేం చేస్తాం అంటున్నారు. కంప్యూటర్ తప్పు చేస్తుందా సార్?
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: కంప్యూటర్‌కు మీ చేను ఎక్కడుందో కూడా తెలియదన్నా. దానికి తెలిసింది ఒక మనిషి ఎక్కించిందే. మీ దిక్కు శెనక్కాయలో మధ్యమధ్య కంది సాళ్లు వేస్తారు కదా, ఎంట్రీ చేసినవాళ్లు కందిని చూసి అదే నొక్కి ఉండొచ్చు, పక్క సర్వే నంబరు ఫొటో మీదాంట్లో పడి ఉండొచ్చు. ఏదైనా సరే, డేటా లోపలికి పోయేచోట జరిగిన తప్పు. లోపల తప్పు పడితే, పంటల బీమా జాబితాలోనూ, సర్కారు కొనుగోళ్లలోనూ అదే తప్పు బయటికొస్తుంది, అక్కడ మీరెంత కొట్లాడినా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇట్లాంటివి పట్టుకోవడానికే ఆ సిస్టమ్‌లో రెండు అడ్డుకట్టలు పెట్టారు. ఒకటి, నమోదు అయ్యాక వివరాలు సరేనని రైతు వేలిముద్ర వేసే ఈ-కేవైసీ. రెండు, జాబితాను ఊళ్లో అంటించి అభ్యంతరాలు అడిగే సామాజిక తనిఖీ. వేలిముద్ర వేసేముందు ఏం పంట పడిందో చదివి వినిపించమనండి, సిగ్గుపడొద్దు. జాబితా అంటించినప్పుడు మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట నాలుగూ చూసుకోండి. ఇప్పుడైతే చేనులో నిలబడి ఫొటో తీసుకుని, సర్వే నంబరు వేసి, రైతు సేవా కేంద్రంలో కాగితం మీద అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట వద్దు. పంట పీకేలోపే చేయండి, చేను ఖాళీ అయ్యాక చూపించడానికి ఏమీ మిగలదు.

(పై విద్యార్థినికి: పుస్తకాల్లో ఫీడ్‌బ్యాక్ అని రాసేది దీన్నే. బయటికొచ్చిన ఫలితాన్ని చూసి లోపలి తప్పు దిద్దడం.)

ప్రశ్న: కంప్యూటర్లు రాకముందు కరణాలు లెక్కలు రాయలేదా? అది ఇన్ఫర్మేషన్ సిస్టమ్ కాదా? అన్నీ ఇప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు.
– విశ్రాంత ఉపాధ్యాయులు, జమ్మలమడుగు

జవాబు: ముమ్మాటికీ అవునండీ, మాస్టారూ. మన సీమలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. 1800లో దత్తమండలాలకు, అంటే మన సీమ ప్రాంతానికి, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, పొలం పొలం కొలిపించి, ఏ రైతు ఏ చేను దున్నుతున్నాడో, ఎంత శిస్తు కట్టాలో రాయించాడు. గొలుసు, కాగితం, కరణం, కొలతల నియమాలు, అడంగల్ అనే ఊరి భూమి, పంటల పుస్తకంలో వివరాలు, ఏటేటా లెక్క సరిచూసే జమాబందీ. కరెంటు ఒక్కటే తక్కువ! 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూమి లెక్కలు వాళ్ల చేతుల్లోనే నడిచాయి. దాంట్లో లోపమల్లా, పుస్తకం ఒక మనిషి ఇంట్లో ఉండేది, చూడాలంటే ఆయన అరుగు ముందు నిలబడాలి. ఇప్పుడు అడంగల్ ఫోన్‌లో కనపడుతోంది, అది చిన్న మార్పు కాదు. కానీ పాత పుస్తకంలో తప్పుగా ఉన్న విస్తీర్ణాన్ని తప్పుగానే కంప్యూటర్‌కు ఎక్కిస్తే, ఇప్పుడది ఊరంతటికీ ఇరవై నాలుగ్గంటలూ కనపడే తప్పు.

ప్రశ్న: టీపీఎస్, ఎంఐఎస్, డీఎస్ఎస్ అని ఒకాయన వచ్చి మూడూ అంటగట్టాలని చూస్తున్నాడు. మా బట్టల అంగడికి ఏది కావాలి?
– వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: ప్రొద్దుటూరు వ్యాపారికి బేరం నేను చెప్పాలా! మూడూ మూడు డబ్బాలు కావు. కౌంటర్‌లో ప్రతి బిల్లూ నమోదు చేసేది టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్). ఆ బిల్లుల్నే కూడి నెలాఖరుకు ఏ సరుకు ఎంత పోయిందో చూపించేది ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్). దసరాకు ఏ రకం ఎంత తెప్పిస్తే ఎంత మిగులుతుందో అటూ ఇటూ లెక్కలు వేసి చూసుకోనిచ్చేది డీఎస్ఎస్ (డెసిషన్ సపోర్ట్ సిస్టమ్). కింది మెట్టు గట్టిగా లేకపోతే పైవి దండగ. ముందు మీ పాత బిల్లులు ఒక పది తీసి చూడండి. అన్నిట్లోనూ చీర, చీర, చీర అనే ఉంటే ఏ రిపోర్టూ మీకు ధర్మవరం పట్టు ఎంత పోయిందో, కాటన్ ఎంత మిగిలిందో చెప్పలేదు. రకానికీ ధరకూ ఒక కోడు పెట్టి ట్యాగులు వేయించండి, బిల్లింగు ఒక్కటే కొనండి. ఒక పండగ సీజను గడిచాక మిగతా రెండింటి గురించి మళ్లీ రాయండి, ఆయన్ని అప్పటిదాకా ఆగమనండి.