గేజ్‌లో పావు ట్యాంకు, దిగాక చూస్తే దాదాపు ఖాళీ

40 గ్యాలన్లతో బయలుదేరి, గంటకు 9 చొప్పున నాలుగు గంటలకు పైగా ఎగరవచ్చని లెక్క వేస్తే మీ చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో ఇంధనం మూడు గంటలకే అడుగంటిందన్నారు. ఇంధనం కారుతోందేమో మెకానిక్‌కు చూపించండి. కానీ నా అనుమానం ఇంధనం, గాలి కలిసే నిష్పత్తిని (మిక్స్చర్) మార్చే ఆ ఎర్ర నాబ్ మీదే. 8,000 అడుగుల ఎత్తులో కూడా మిక్స్చర్ పూర్తి రిచ్‌లోనే, అంటే ఇంధనం వంతు ఎక్కువగానే ఉంచానని మీరే రాశారు కదా! మాన్యువల్‌లోని అంకె లీన్ చేసినప్పటిది, అంటే ఇంధనం వంతు తగ్గించినప్పటిది. చేయకపోతే గంటకు రెండు మూడు గ్యాలన్లు అదనంగా తాగుతుంది.

పైగా ఆ 40లో 3 గ్యాలన్లు ఇంజనుకు అందేవి కావు. ట్యాక్సీకి, పైకెక్కడానికి అయ్యే ఖర్చు వేరు. ఎదురుగాలి సంగతి సరేసరి.

గేజ్‌ను నమ్మి ఎగరకండి. చదునైన నేల మీద, మీ విమానానికే గుర్తులు పెట్టిన డిప్‌స్టిక్‌తో (ట్యాంకులో ముంచి చూసే కొలకర్రతో) కొలవండి. దిగిన ప్రతిసారీ నింపిన గ్యాలన్లను ఎగిరిన గంటలతో భాగించి రాసుకోండి. కొన్ని ప్రయాణాల్లోనే మీ అసలు అంకె తేలుతుంది. గాలిలో గడియారం చూడండి. అమెరికా నిబంధనల్లో పగటి విజువల్ (బయటకు చూస్తూ నడిపే) ప్రయాణానికి 30 నిమిషాల నిల్వ చాలు, రాత్రికి 45. నాకైతే అది మరీ పిసినారి లెక్క. గంట మిగలకపోతే మధ్యలో దిగి నింపుకోండి.