ఓఐ లెక్క తర్వాత, ముందు నగలు విడిపించండి

ప్రశ్న: పలాసలో జీడి ఫ్యాక్టరీ గుమస్తాని. జీతం 28,000, ఇంటి ఖర్చు 22,000. ఇద్దరు పిల్లలు. మా ఆవిడ నగల మీద 1,80,000 గోల్డ్ లోన్ తీసి నిఫ్టీ ఆప్షన్స్‌లో పెట్టాను. 25,000 కాల్‌లో (నిఫ్టీ సూచీని 25,000 దగ్గర కొనే హక్కు) ఓఐ, అంటే ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా ముగియని కాంట్రాక్టుల సంఖ్య), పెరుగుతోంది కదా, మార్కెట్ పైకేనని అవే కొన్నాను. నిఫ్టీ కదల్లేదు, ప్రీమియం (ఆప్షన్ ధర) 92 నుంచి 61కి పడింది. ఇలాగే పోయి పోయి 60,000 మిగిలింది. ఓఐ మార్పును సరిగ్గా చదవడం ఎలా?

జవాబు: మీలాగే చాలామంది పొరబడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవాడొకడు, అమ్మినవాడొకడు. ఓఐ పెరిగిందంటే కొత్త కాంట్రాక్టులు పుట్టాయనే అర్థం. ఎవరు తొందరపడ్డారో ప్రీమియం చెప్పాలి. రెండూ పెరిగితే కొనుగోళ్ల జోరు. ఓఐ పెరిగి ప్రీమియం పడితే రైటింగ్, అంటే కొత్తగా ఆప్షన్లు అమ్మేవాళ్ల జోరు. ఓఐ తగ్గి ప్రీమియం పెరిగితే అమ్మినవాళ్లు తిరిగి కొని కవర్ చేసుకుంటున్నట్టు, రెండూ తగ్గితే కొన్నవాళ్లు వదిలించుకుంటున్నట్టు. మీ కేసు రెండోది: 25,000 దాటదని అమ్మేవాళ్ల దగ్గర మీరు కొన్నారు.

ఇదీ గట్టి లెక్కేం కాదు. మంగళవారం ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు) దగ్గరపడితే టైమ్ డికేతోనే, అంటే మిగిలిన సమయం తగ్గడం వల్లే, ప్రీమియం కరుగుతుంది. అమ్మినవాడు ఫ్యూచర్స్ కొని హెడ్జ్ (నష్టానికి రక్షణ) చేసుకున్నాడో లేదో ఆప్షన్ చైన్‌లో (ఆప్షన్ల ధరలు, ఓఐ చూపే పట్టిక) కనపడదు. పీసీఆర్‌కూ (పుట్‌లు, అంటే అమ్మే హక్కులు, కాల్‌లతో పోలిస్తే ఎన్నో చెప్పే నిష్పత్తి) ఇదే జబ్బు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కల్లో 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. అందులోకి తాకట్టు డబ్బుతో దిగడమేంటండీ?

రేపే ఆ 60,000 వెనక్కి తీయండి. 40,000 లోన్ అసలుకు కట్టండి, 20,000 విడిగా సేవింగ్స్ ఖాతాలో వేయండి. అది మీ అత్యవసర నిధికి మొదలు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,32,000 అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జీడితోటల్ని ఏం చేసిందో నేను చెప్పాలా? మళ్లీ అలాంటిదొచ్చి ఫ్యాక్టరీ రెండు నెలలు మూతపడితే, ఈసారి తాకట్టుకు నగలు కూడా లేవు.

జీతం 21,000 దాటింది గనక ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించదు. కుటుంబానికి 5 లక్షల ఆరోగ్య బీమా, మీ పేర 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. నెలకు మిగిలే 6,000లో ముందు వీటి ప్రీమియాలు తీసి, మిగతాది సగం లోన్‌కు, సగం నిధికి. వడ్డీ మాత్రం కట్టి లోన్ తిరగరాయించుకుంటూ పోవద్దు. సిప్‌ల (నెలనెలా ఫండ్లలో పెట్టే పెట్టుబడి) సంగతి నగలు ఇంటికొచ్చాక చూద్దాం.

ఈ ట్రేడింగ్ నష్టాన్ని ఆదాయపు పన్ను రిటర్న్ ఐటీఆర్-3లో గడువులోగా చూపిస్తే, తర్వాతి వ్యాపార లాభాల్లోంచి తగ్గించుకునేందుకు 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు.