సర్‌చార్జి కట్టాం సరే, పళ్ల డాక్టరేడీ?

“హెల్త్ సర్‌చార్జి కట్టేశాం కదండీ, ఇంక పంటి నొప్పి వచ్చినా అక్కడ ఊరికే చూస్తారు కదా?” సెప్టెంబరు ఇన్‌టేక్‌కి పిల్లల్ని ఇంగ్లండ్ పంపుతున్న అమ్మానాన్నలు, నేను విజయవాడ వచ్చినప్పుడల్లా తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

ఊరికే చూడరు. డబ్బు కడతామన్నా చూసేవాళ్లు దొరకడం కష్టం.

హెల్త్ సర్‌చార్జి అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటే కట్టించుకునే డబ్బు. స్టూడెంట్ వీసాకి అది ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది మాస్టర్స్‌కి వీసా పదహారు నెలల దాకా ఇస్తారు, పై నాలుగు నెలలకి అర ఏడాది లెక్క కడతారు కాబట్టి మొత్తం 1,164 పౌండ్లు అవుతుంది. వర్క్ వీసా అయితే ఏడాదికి 1,035. ఇంత కట్టాక పంటికి మళ్లీ డబ్బులేమిటని కడుపు మండుతుంది, నిజమే. కానీ ఆ సర్‌చార్జితో మీకు వచ్చేది అక్కడి మనుషులతో సమానమైన హక్కు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థని ఎన్‌హెచ్ఎస్ అంటారు. అక్కడి వాళ్లు కూడా ఎన్‌హెచ్ఎస్ డెంటిస్టుకి ఫీజు కడతారు. ఇంగ్లండ్‌లో ఆ ఫీజు మూడు మెట్లుగా ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేట్ల ప్రకారం పరీక్ష, ఎక్స్‌రే వంటివాటికి 27.40 పౌండ్లు, ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను తీయడం వరకు 75.30, క్యాప్, కట్టుడు పళ్లు అయితే 326.70. ఏటా ఏప్రిల్‌లో ఈ రేట్లు మారుతుంటాయి. ఒక విడత చికిత్సకి ఒక్కసారే కడితే చాలు. రెండో మెట్టులో మూడు పళ్లకి సిమెంట్ పెట్టించుకున్నా అదే ఒక్క ఫీజు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ ఫీజుకి చూసే డెంటిస్టు దొరకడంలో ఉంది. 2022 ఆగస్టులో బీబీసీ వాళ్లు దేశమంతా ఎన్‌హెచ్ఎస్ క్లినిక్‌లకి ఫోన్లు చేసి చూస్తే, పదింట తొమ్మిది కొత్తగా పెద్దవాళ్లని తీసుకోవడం లేదన్నాయి. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లో ఒక క్లినిక్ కొత్త పేషెంట్లని తీసుకుంటోందని తెలిసి వీధి పొడుగునా క్యూ కట్టారు, పోలీసులు రావాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో 2006లో వచ్చిన కాంట్రాక్టు ప్రకారం డెంటిస్టులకి యూనిట్ల లెక్కన డబ్బిస్తారు. కష్టమైన పనికి ఆ లెక్క గిట్టుబాటు కాదని చాలామంది ప్రైవేటుకి మళ్లారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకే ఇంత కటకటగా ఉంటే నిన్నగాక మొన్న దిగినవాడి గతి చెప్పక్కర్లేదు.

అందుకని నేను చెప్పేది ఒకటే: సూట్‌కేసు కొనకముందే పళ్లు చూపించుకోండి. ఆఫర్ లెటర్ వచ్చిన వారమే వెళ్లినా తొందరేమీ కాదు. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వీధుల్లో నాలుగు అడుగులకో పళ్ల డాక్టర్ బోర్డు కనిపిస్తుంది. సాయంత్రం వెళ్తే ఆ రోజే చూస్తారు. లండన్‌లో ఇరవై ఏళ్లున్నా నాకు ఈ సుఖం అలవాటు తప్పలేదు. వెళ్లి ముందు క్లీనింగ్ చేయించుకోండి. తర్వాత దవడలు రెండూ ఒకే ఫిల్మ్ మీద పడే పెద్ద ఎక్స్‌రే, ఓపీజీ అంటారే, అది తీయించుకోండి. పైకి బాగున్నట్టే ఉండి లోపల పుచ్చిన పన్ను, అడ్డంగా మొలుస్తున్న జ్ఞానదంతం అందులో బయటపడతాయి. ఇరవై నుంచి పాతికేళ్ల మధ్య పిల్లలకి జ్ఞానదంతాలతోనే గొడవ, మాస్టర్స్‌కి వెళ్లే వయసూ సరిగ్గా అదే. నొప్పి పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా పీకించేయమని మాత్రం అనను. ఇంతకుముందు వాచి తగ్గిందా, పక్క పన్నుని పాడుచేస్తోందా అని డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి.

అసలు ప్రమాదం సగంలో ఆపిన పనితో. గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు బయల్దేరే హడావిడిలో రూట్ కెనాల్ మొదలుపెట్టించి, టెంపరరీ సిమెంట్‌తో విమానం ఎక్కాడు. మిగతాది అక్కడ చేయించుకోవచ్చులే అనుకున్నాడు. చలికాలం వచ్చేసరికి సిమెంట్ ఊడింది, దవడ వాచింది. అర్జెంట్ అపాయింట్‌మెంట్‌లో చూసిన డెంటిస్టు, పన్ను తీసేయాలంటే ఈ ఫీజులోనే ఇప్పుడే తీస్తాను, నిలబెట్టుకోవాలంటే ప్రైవేటుగా చేయించుకోవాల్సిందేనన్నాడు. ప్రైవేటు కొటేషన్ కొన్ని వందల పౌండ్లు, క్యాప్ విడిగా. పిల్లవాడి దగ్గర అంత ఎక్కడిది? పీకించుకున్నాడు. సూర్యారావుపేటలో ఇంకో రెండు సిట్టింగుల్లో అయిపోయే పనికి గట్టి దవడ పన్ను పోగొట్టుకున్నాడు. రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ కూడా వేయించుకునే బయల్దేరండి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను బోలుగా, పెళుసుగా ఉంటుంది. అమ్మ డబ్బాలో పెట్టిచ్చిన చెక్కలు కొరికి అలాంటి పన్ను రెండుగా చీలినవాళ్లని చూశాను.

డాక్టర్ రాసిన చీటీ పారేయకండి. అందులో “36 ఆర్‌సీటీ” అని ఉంటుంది. ఆర్‌సీటీ అంటే రూట్ కెనాల్. 3 అంటే కింది దవడ ఎడమవైపు, 6 అంటే ముందు నుంచి ఆరో పన్ను. ఇంగ్లండ్‌లో అదే పన్నుని “లోయర్ లెఫ్ట్ సిక్స్” అంటారు. ఆ చీటీ, ఓపీజీ ఫొటో ఫోన్‌లో ఉంటే అక్కడి డెంటిస్టు మొదటి నుంచి తవ్వుకోనక్కర్లేదు.

ఖర్చు గురించి బెంగ ఉన్నవాళ్లకి డెంటల్ కాలేజీలున్నాయి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్. విద్యార్థులు చేస్తారు, వెనక ప్రొఫెసర్లు ఉంటారు. పని నెమ్మది, నాలుగైదుసార్లు తిరగాలి. వీసా చేతికొచ్చాక ఇక్కడికి వెళ్తే టైం చాలదు, అంతకుముందే వెళ్లాలి.

ఇక అక్కడికి చేరాక. జీపీ (మామూలు జబ్బులకి ముందుగా చూసే డాక్టర్) దగ్గర పేరు నమోదు చేసుకున్నట్టే డెంటిస్టు దగ్గర కూడా ఇంటి అడ్రసుని బట్టి చేసుకోవాలేమో అనుకుంటారు. ఇంగ్లండ్‌లో ఆ హద్దు లేదు, ఏ ఊళ్లో క్లినిక్‌కైనా వెళ్లవచ్చు. ఎన్‌హెచ్ఎస్ వెబ్‌సైట్‌లో పోస్టుకోడ్ కొడితే ఎవరు కొత్తవాళ్లని తీసుకుంటున్నారో చూపిస్తుంది కానీ, ఆ సమాచారం చాలాసార్లు పాతబడి ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఫోన్ చేయండి. “అపాయింట్‌మెంట్ ఉందా?” అని అడిగితే ప్రైవేటు స్లాట్ ఇచ్చేస్తారు, బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది. “ఎన్‌హెచ్ఎస్ కింద పెద్దవాళ్లని కొత్తగా తీసుకుంటున్నారా, లేకపోతే వెయిటింగ్ లిస్టు ఉందా?” అని స్పష్టంగా అడగండి. లిస్టు ఉంటే పేరు రాయించండి, ఒక్కచోట కాదు, దొరికిన ప్రతిచోటా. రైల్లో ముప్పావుగంట దూరంలోని చిన్న ఊళ్లనీ వదలకండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేదానికి ఆ దూరం ఒక లెక్క కాదు. మరో చిట్కా: డిగ్రీ అయిన కొత్త డెంటిస్టులు ట్రైనింగ్‌కి సెప్టెంబరులో క్లినిక్‌లలో చేరతారు. వాళ్ల కోసం ఆ క్లినిక్‌లు తరచుగా కొత్త ఎన్‌హెచ్ఎస్ పేషెంట్లని తీసుకుంటాయి. మీరు దిగేదీ అప్పుడే.

డెంటిస్టు దొరక్కముందే నొప్పి మొదలైతే ఎన్‌హెచ్ఎస్ హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేయండి, లేదా ఆన్‌లైన్‌లో వివరాలివ్వండి. అర్జెంట్ అపాయింట్‌మెంట్ దొరికితే ఫీజు మొదటి మెట్టుదే. అక్కడ నొప్పి తగ్గించే పని చేస్తారు, పన్ను తీయడం కూడా అందులోకే వస్తుంది. జీపీ దగ్గరికి వెళ్తే పంటికి వైద్యం చేయరు. ముఖం వాచి కంటి దాకానో మెడ దాకానో పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా 111 కోసం ఆగొద్దు. నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, ఊపిరి ఆడకపోతే అంబులెన్స్‌కి 999.

విజయవాడ నుంచి యాంటీబయాటిక్ స్ట్రిప్పులు మోసుకుపోవడం మన ఇళ్లలో మామూలే. ఇక్కడ మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు కాబట్టి పంటి నొప్పికి అదే మందని అలవాటైపోయింది. పుచ్చు నరం దాకా పోయిన నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. చీము పట్టినప్పుడు వాపు కొంత తగ్గించినా, లోపలి మూలం అలాగే ఉంటుంది, మళ్లీ లేస్తుంది. అపాయింట్‌మెంట్ దాకా గడవడానికి పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ అక్కడ సూపర్‌మార్కెట్లోనే చవగ్గా దొరుకుతాయి. అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఇబుప్రోఫెన్ వేసుకునే ముందు ఫార్మసిస్టుని అడగాలి. ఊడిన సిమెంట్ చోట తాత్కాలికంగా పెట్టుకునే చిన్న కిట్లు కూడా ఫార్మసీల్లో అమ్ముతారు, నాలుగు రోజులు ఆదుకుంటాయి.

తక్కెళ్లపాడు కాలేజీలోలా విద్యార్థులు వైద్యం చేసే పద్ధతి అక్కడా ఉంది. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్, షెఫీల్డ్, న్యూకాసిల్, లండన్‌లో గైస్ ఆస్పత్రి వంటి చోట్ల డెంటల్ స్కూళ్లున్నాయి. విద్యార్థులతో చేయించుకుంటే సాధారణంగా ఫీజు ఉండదు. వాళ్లు నేర్చుకోవడానికి పనికొచ్చే కేసైతేనే తీసుకుంటారు, లిస్టు తెరిచినప్పుడే దరఖాస్తు చేయాలి, పగటిపూట రెండు మూడు గంటలు కుర్చీలో కూర్చునే ఓపిక ఉండాలి. ఓపికకి మనవాళ్లకేం తక్కువ, తిరుమల క్యూలో నిలబడ్డవాళ్లం!

ఫీజు మినహాయింపుల దగ్గర మాత్రం జాగ్రత్త. క్లినిక్‌లో ఇచ్చే ఫారంలో “ఫుల్ టైం స్టూడెంట్” అన్న గడి చూడగానే మన పిల్లలు టిక్కు పెట్టేస్తారు. అది 19 ఏళ్ల లోపు వాళ్లకి మాత్రమే. తర్వాత లెక్కలు సరిచూసి, కట్టాల్సిన ఫీజుతో పాటు 100 పౌండ్ల దాకా పెనాల్టీ వేస్తారు. ఆదాయం తక్కువున్న స్టూడెంట్లు హెచ్‌సీ1 ఫారం పెట్టుకోవచ్చు. అర్హత ఉంటే హెచ్‌సీ2 సర్టిఫికెట్‌తో ఫీజు మొత్తం, హెచ్‌సీ3తో కొంత తగ్గుతుంది. సేవింగ్స్ 16,000 పౌండ్లు దాటితే రాదు. నొప్పి వచ్చాక పరిగెత్తే బదులు దిగిన నెలలోనే పెట్టండి. 18 ఏళ్ల లోపు పిల్లలకి ఎన్‌హెచ్ఎస్ పంటి వైద్యం ఉచితం. గర్భిణులకీ, కాన్పయ్యాక ఏడాది పాటు తల్లులకీ ఉచితమే, మిడ్‌వైఫ్‌ని అడిగి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. డిపెండెంట్‌గా వచ్చిన ఆడపిల్లలు ఇది తెలియక వదిలేసుకుంటున్నారు. స్కాట్లండ్ లెక్క వేరు: అక్కడ పరీక్ష అందరికీ ఉచితం, 26 ఏళ్ల లోపు వాళ్లకి ఎన్‌హెచ్ఎస్ చికిత్సంతా ఉచితం. గ్లాస్గో, డండీ వెళ్తున్న పిల్లలు అదృష్టవంతులు.

ప్రైవేటుకి వెళ్లక తప్పకపోతే రెండు మూడు చోట్ల అడగకుండా తల ఊపొద్దు. రేట్ల పట్టిక అందరికీ కనబడేలా పెట్టాలన్నది అక్కడి డెంటిస్టులకి రూలు. పన్నుకి ఎంత, ఎక్స్‌రే అందులో ఉందా, క్యాప్ విడిగానా అన్నీ కాగితం మీద రాసిమ్మనండి. బేరం ఆడలేకపోవచ్చు కానీ, “ఇప్పుడే చేయకపోతే ఏమవుతుంది?” అని అడిగితే సగం పనులు ఆగుతాయని తేలుతుంది. ఉద్యోగంలో చేరినవాళ్లు హెచ్ఆర్‌ని డెంటల్ ఇన్సూరెన్స్ గురించి అడగండి. పాత జబ్బులకి వర్తిస్తుందా, ఎన్ని నెలలు ఆగాలి అన్నది చదివాకే సంతకం పెట్టండి.

“అంత ఖర్చెందుకు, సంక్రాంతికి వచ్చి ఇక్కడే చేయించుకుంటే పోలా?” అనేవాళ్లకి అవును అన్నది సగం సమాధానమే. ఒక్క పన్ను కోసం టికెట్ కొనడం దండగ. ఎలాగూ వస్తుంటే రూట్ కెనాల్, క్యాప్ రెండు మూడు వారాల్లో హాయిగా అవుతాయి. దిగిన రెండో రోజే వెళ్లండి, ఎందుకంటే క్యాప్ ల్యాబ్ నుంచి రావడానికి రోజులు పడుతుంది, భోగి నుంచి కనుమ దాకా ల్యాబులూ ఉండవు, డాక్టర్లూ ఉండరు. ఇంప్లాంట్ మాత్రం ఒక సెలవులో ముగిసేది కాదు. దవడ ఎముకలో మర అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాతే పైన పన్ను. వరుసగా రెండుసార్లు వచ్చే వీలుంటేనే మొదలుపెట్టండి, ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు అడిగి తీసుకోండి. బాగున్న పళ్లని కూడా అరగదీసి అన్నిటికీ క్యాపులు వేసేద్దామన్నారంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఇన్ని తిప్పలు పడి ఎన్‌హెచ్ఎస్ డెంటిస్టుని పట్టుకున్నాక జారవిడుచుకునేవాళ్లే ఎక్కువ. చెప్పకుండా అపాయింట్‌మెంట్ ఎగ్గొడితే చాలా క్లినిక్‌లు మళ్లీ ఇవ్వవు, రెండేళ్లు కనిపించకపోతే లిస్టులోంచి పేరు తీసేసేవీ ఉన్నాయి. నొప్పి లేకపోయినా పిలిచిన తేదీకి వెళ్లండి. పార్ట్ టైం షిఫ్ట్ అడ్డొస్తే కనీసం ముందురోజు ఫోన్ చేసి తేదీ మార్చుకోండి.