చెప్పకుండా ప్రయోగం చేస్తే కోర్టు ఏమంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. 1950లో అమెరికా సైన్యం ఆ ఊరి మీద రహస్యంగా బ్యాక్టీరియా చల్లిందని, ఒక పెద్దాయన చనిపోతే ఆ కుటుంబం వేసిన దావాను కోర్టు కొట్టేసిందని చెప్పాడు. నిజమేనా? మన ప్రభుత్వమే అలాంటి పని చేస్తే మనకు దిక్కేమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

సమాధానం: నిజమేనండీ. 1950 సెప్టెంబరులో దాదాపు వారం రోజులపాటు నౌకాదళ ఓడ ఒకటి తీరానికి దూరంగా ఉండి, నగరం వైపు సూక్ష్మజీవులను చల్లింది. శత్రువు జీవాయుధం ప్రయోగిస్తే ఒక తీర నగరం ఎంతవరకు దాని బారిన పడుతుందో చూడడం ఉద్దేశం. వాడినవాటిలో సెరాషియా ఒకటి. ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎక్కడ పడిందో పసిగట్టడం తేలిక. మనిషికి హాని చేయదని అప్పట్లో అనుకునేవారు. కొద్ది రోజులకు ఆ నగరంలోని ఒక ఆసుపత్రిలో 11 మందికి అదే ఇన్‌ఫెక్షన్ కనిపించింది. వారిలో ప్రొస్టేట్ ఆపరేషన్ చేయించుకున్న ఎడ్వర్డ్ నెవిన్ నవంబరు 1న మరణించారు. ఆ క్రిమి ఎక్కడిదో వైద్యులకూ అంతుపట్టలేదు. కుటుంబానికి అసలు సంగతి 1976లో పత్రికల్లో చూసేదాకా తెలియదు. మరుసటి ఏడాది సెనేట్ విచారణలో, 1949 నుంచి 1969 వరకు బహిరంగ ప్రదేశాల్లో 239 పరీక్షలు జరిపామని సైన్యమే ఒప్పుకుంది.

న్యాయవాది అయిన మనవడే ముందుండి కేసు నడిపారు. 1981లో ఓడిపోయారు, 1983లో అప్పీలులోనూ అదే తీర్పు. కారణాలు రెండు. పరీక్ష జరపాలా, ఏ క్రిమిని వాడాలి అన్నవి ఉన్నతాధికారుల విచక్షణకు చెందిన నిర్ణయాలనీ, వాటిపై నష్టపరిహారం అడిగే వీలు చట్టం ఇవ్వలేదనీ కోర్టు చెప్పింది. రెండోది, రోగి ఒంట్లోని క్రిమి ఆ ఓడ నుంచి వచ్చిందేనని రుజువు కాలేదు. పాతికేళ్లు నిజాన్ని దాచిపెట్టిన ప్రభుత్వం, రుజువు మీ దగ్గర ఏదని ఆ కుటుంబాన్ని అడగగలగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత 1997లో వచ్చిన చట్టం ప్రకారం, ముందుగా అన్నీ వివరించి సమ్మతి తీసుకోకుండా అక్కడి రక్షణ శాఖ మనుషులపై ఇలాంటి పరీక్షలు జరపకూడదు.

ఇక మన దగ్గర. మొదటి అడ్డంకి ఇక్కడ చాలావరకు తొలగిపోయింది, అందులో మన కోవెలకుంట్లకూ పాత్ర ఉంది. 1977లో అక్కడి సబ్‌జైలుపై దుండగులు బాంబులు వేస్తే ఒక రిమాండు ఖైదీ చనిపోయారు. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా పోలీసులు పట్టించుకోలేదు. 'ఇది సార్వభౌమాధికార విధి, మమ్మల్ని అడగకూడదు' అని ప్రభుత్వం వాదించింది. జీవించే హక్కుకు భంగం కలిగినప్పుడు ఆ వాదన చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తేల్చి, హైకోర్టు ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది. కాబట్టి జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణకు భంగం కలిగిందంటూ నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చు.

రెండో అడ్డంకి, అంటే రుజువు, ఇక్కడా అంతే కఠినం. ఖమ్మం జిల్లాలో 2009లో జరిగింది గుర్తుందా? అది రహస్యమూ కాదు, ఆయుధ పరీక్షా కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే, అనుమతి ఉన్న హెచ్‌పీవీ టీకానే అధ్యయనం పేరుతో సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. కొందరు బాలికలు మరణించారు, అయితే ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. దాన్ని పక్కనపెట్టినా, సమ్మతి విషయంలో జరిగింది ఘోరం. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చాలా పత్రాలపై హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అలాంటి సంఘాల నివేదికలను కోర్టులు చూడవచ్చని 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

అందుకే నేనైతే కేసును హాని మీద మాత్రమే నిలబెట్టను. శరీరంపై స్వాధీనం 21వ అధికరణలో భాగమని 2022లో కొవిడ్ టీకాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జబ్బు రాకపోయినా, చెప్పకుండా ప్రయోగించడమే హక్కు భంగమని వాదించాలి. కాలపరిమితి గురించి భయపడకండి. మోసంతో దాచిన విషయమైతే, మీకు తెలిసిన, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండే నాటి నుంచే గడువు లెక్కిస్తారు (లిమిటేషన్ చట్టం, సెక్షన్ 17).

సమాచార హక్కు దరఖాస్తు పెడితే 'దేశ భద్రత' అని తిరస్కరించవచ్చు. అప్పుడు సెక్షన్ 8(2) చూపండి: దాచడం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే వెల్లడించవచ్చు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు ఆసుపత్రి కాగితాలు చేతికి తెచ్చుకోండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, అయితే ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లే భద్రపరుస్తారు. ల్యాబులో పెంచిన క్రిమి నమూనా ఉంటే, పారేయవద్దని అదే రోజు రాతపూర్వకంగా కోరి, అందినట్లు సంతకం తీసుకోండి.