జంట గెలాక్సీల బరువు ఒక్క జంటతో తేలదు

ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికే కోట్ల ఏళ్లు పట్టే రెండు గెలాక్సీల బరువు ఎలా కడతారని అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాలుగు నెలలు నేను చేసింది ఇదే, స్లోన్ సర్వే (ఆకాశంలోని గెలాక్సీలను కొలిచిన పెద్ద సర్వే) డేటా దించుకుని.

తిరగడం చూడక్కర్లేదండీ. రెండింటి స్పెక్ట్రమ్‌లు (వాటి కాంతిని రంగులుగా విడదీసిన కొలతలు) ఉంటే రెడ్‌షిఫ్టుల (ఆ కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలత) తేడాను బట్టి వేగాల తేడా తెలుస్తుంది. ఆకాశంలో వాటి మధ్య కోణం, మన నుంచి వాటి దూరం కలిపితే మధ్యలో ఎడం ఎంతో వస్తుంది. వేగాల తేడాని వర్గం చేసి, ఎడంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే రెండింటి మొత్తం ద్రవ్యరాశి. సెకనుకు 150 కి.మీ., 50 కిలోపార్సెక్కులు (ఒక్కోటి దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు) అనుకుంటే సుమారు 26,000 కోట్ల సూర్యులంత. ఇంటర్ ఫిజిక్స్ లెక్కే.

చిక్కల్లా ఆ రెండు అంకెల్లోనే ఉంది. వేగంలో మనకు దొరికేది మన వైపు వచ్చే లేదా పోయే భాగం మాత్రమే, ఎడమూ అంతే, ముందువెనకల దూరం తెలీదు. నా మూడో జంటకి వేగం తేడా సెకనుకు 5 కి.మీ., ఎడం 60 కిలోపార్సెక్కులు వచ్చాయి. లెక్క కడితే 35 కోట్ల సూర్యులు! ఫొటోలో చూస్తే రెండూ నిండు సర్పిలాలు (స్పైరల్ గెలాక్సీలు), ఒక్కోదానిలో నక్షత్రాలే వేల కోట్లుంటాయి. కోడ్ తప్పేమోనని రెండు రాత్రులు టెన్షన్‌తో వెతికాక, మా గైడ్ వచ్చి "ఆ 5 పక్కన ఎర్రర్ ఎంతుందో చూశావా?" అన్నారు. అంటే కొలతలో అటూ ఇటూ ఉండగల తేడా. 30 ఉంది. నేనా కాలమ్ తెరిచి కూడా చూడలేదు.

అందుకే ఒక్క జంటని పట్టుకుని బరువు చెప్పకూడదు, చాలా జంటలు తీసుకుని సగటు చూడాలి. వృత్తాకార కక్ష్యలు అన్ని దిక్కులకీ తిరిగి ఉన్నాయనుకుంటే మనకు కనపడని భాగాలకు సర్దుబాటుగా పై జవాబుని సగటున దాదాపు 3.4తో గుణించాలి, అప్పుడు మొదటి లెక్క 88,000 కోట్లవుతుంది. ఖగోళ శాస్త్రవేత్త కరచెంత్సెవ్ 1972లో 603 ఒంటరి జంటల కేటలాగ్ వేసింది ఇలాంటి పనికే. "ఒంటరి" అన్న మాట ముఖ్యం, దగ్గర్లో మూడోది ఉంటే దాని లాగుడు కూడా కలుస్తుంది.

దొంగ జంటలూ ఉంటాయి, అంటే పక్కపక్కన కనిపిస్తాయి గానీ నిజానికి దూరదూరంగా ఉండేవి. స్టీఫన్ క్వింటెట్ అనే ఐదు గెలాక్సీల్లో ఐదూ ఒకే గుంపులా కనిపిస్తాయి గానీ వాటిలో ఎన్‌జీసీ 7320 మన నుంచి దూరంగా పోయే వేగం సెకనుకు 800 కి.మీ. లోపు, మిగతా నాలుగూ 5,700 పైనే. అది మనకి చాలా దగ్గర్లో ఉంది, అంతే. మీరూ జంటలు ఏరేటప్పుడు వేగాల తేడా సెకనుకు 500 కి.మీ. దాటితే పక్కన పెట్టండి, నేనైతే అలాగే చేశాను.